థార్ హార్డ్‌టాప్ మీద క్యారియర్: గొడుగు మీద బస్తా పెట్టకండి



ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం వీడియోల్లో ఆవు, పందిరి, జీవామృతం డ్రమ్ము ఎంత కనిపిస్తున్నాయో, గట్టు పక్కన ఆపిన థార్ కూడా అంతే కనిపిస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు పొలం చూసుకునేవాళ్లు, పట్నం వదిలి పల్లెకి తిరిగొచ్చినవాళ్లు, కొండ వాలుల్లో పొలాలున్నవాళ్లు ఈ బండి కొంటున్నారు. అందులో తప్పేం లేదు. వానాకాలంలో పుంతదారి బురదలో ఒకసారి దిగబడినవాడికి నాలుగు చక్రాలూ లాగే బండి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

బండి ఇంటికొచ్చిన నెలకే ఇంకో ఆలోచన మొదలవుతుంది. "వెనక సీట్లు ఉంటే సామాను పట్టట్లేదండీ. పైన క్యారియర్ పెట్టించుకుంటే నాలుగు కూరగాయల క్రేట్లు, రెండు క్యాన్లు పోతాయి కదా?" మా పొలం చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే అడుగుతున్నారు. విదేశీ వీడియోల్లో జీపుల మీద టెంట్లు, డబ్బాలు, పడవలు కట్టుకుని తిరగడం చూస్తే మనకీ ఆశ పుడుతుంది. అందుకే పై వీడియోలో చూపించింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊడదీసే హార్డ్‌టాప్ గొడుగు లాంటిది, అటక కాదు. ఎండ, వాన ఆపడానికి పెట్టింది, బస్తాలు మోయడానికి కాదు. దాని మీద క్యారియర్ పెట్టుకోవచ్చు, కానీ బరువు ఆ టాప్ మీద పడకుండా ఇనుప చట్రం మీదకి దిగాలి. అలా దిగే ఏర్పాటు లేకపోతే పెట్టించుకోవద్దు. ఏర్పాటు ఉన్నా సరే, మన వ్యవసాయంలో బరువైనవేవీ పైకి ఎక్కకూడదు.

ఈ టాప్ దేనితో చేశారు, దేనికి చేశారు

మామూలు కారుకి, ఈ బండికి ఒక పెద్ద తేడా ఉంది. మామూలు కారులో పైకప్పు బాడీలో భాగం. ఇనుప రేకు, దాని కింద అడ్డకమ్మీలు, పక్కన స్తంభాలు అన్నీ వెల్డింగుతో ఒకటే అయిపోయి ఉంటాయి. అందుకే వాటి మీద కంపెనీవాళ్లే రైళ్లు ఇచ్చి, ఇంత బరువు పెట్టుకోవచ్చని యజమాని పుస్తకంలో రాస్తారు.

2020లో వచ్చిన మూడు తలుపుల థార్ అలా కాదు. దాన్ని గుడ్డ టాప్‌తోనూ అమ్మారు, హార్డ్‌టాప్‌తోనూ అమ్మారు. అంటే టాప్ లేకపోయినా బండి నిలబడేలా కట్టారన్నమాట. బలమంతా కింద ఉన్న ఛాసిస్‌లో, బాడీలో, లోపల మన తల మీదుగా పోయే రోల్ కేజ్ గొట్టాల్లో ఉంది. హార్డ్‌టాప్ రేకు కూడా కాదు, కాంపోజిట్‌తో పోత పోసిన ముక్క. బోల్టులతో బిగించి, మధ్యలో రబ్బరు పట్టీ పెట్టి బాడీ మీద కూర్చోబెట్టారు. ఐదు తలుపుల థార్ రాక్స్‌కి ఇనుప పైకప్పే ఉంటుంది కాబట్టి దాని లెక్క వేరు.

2010లో మొదలైన పాత థార్, జిప్సీ, అంతకు ముందు జీపులు ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ బండ్లకి చాలామంది బయట షెడ్డుల్లో ఫైబర్ టాప్ చేయించుకున్నారు. ఒకరు మూడు పొరలు వేస్తారు, ఇంకొకరు రెండు పొరలతో సరిపెట్టి పైన నున్నగా రంగు కొడతారు. లోపల మందం ఎంతో చూపుకి తెలియదు. అలాంటి టాప్ మీద ఎంత బరువు పెట్టొచ్చో చెప్పే కాగితం ఏదీ ఉండదు. కాగితం లేనప్పుడు అది సున్నా అనుకోవడమే మంచిది.

ఫైబర్‌కి ఇంకో గుణం ఉంది. ఇనుప రేకు బరువుకి వంగుతుంది, సొట్ట పడుతుంది, మన కంటికి కనిపిస్తుంది. ఫైబర్ అలా కాదు. బోల్టు చుట్టూ ముందు సన్నటి వెంట్రుక గీతలు నక్షత్రంలా వస్తాయి. తర్వాత బెజ్జం కాస్త సాగుతుంది. అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి. ఆ తర్వాత ఒకరోజు గతుకులో పెళుక్కున పగులుతుంది. "మా బండికి రెండేళ్లుగా ఏం కాలేదు" అనేవాళ్లు ఒకసారి ఎండలో నిలబడి, ప్రతి బోల్టు చుట్టూ వేలు రాసి చూసుకోవాలి.

బరువు ఎక్కడికి దిగుతోంది?

క్యారియర్ అమ్మేవాళ్లు మనకి చెప్పేది ఇనుము మందం, నలుపు పౌడర్ కోటింగు, ముందు పెట్టే లైట్లు. మనం అడగాల్సింది మాత్రం ఒక్కటే: "పైన 50 కిలోలు పెడితే ఆ 50 కిలోలు ఎటు నుంచి ఎటు పోయి నేలకి దిగుతాయి?" ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని అడిగే ప్రశ్నే ఇది. స్లాబు బరువు దూలం మీదకి, దూలం బరువు స్తంభం మీదకి, స్తంభం బరువు పునాదిలోకి. మధ్యలో ఒక్కచోట మట్టిగోడ వచ్చిందంటే ఇల్లు అక్కడే కూర్చుంటుంది.

ఈ లెక్కన చూస్తే క్యారియర్లు నాలుగు రకాలు.

మొదటిది, టాప్‌కి బెజ్జాలు పెట్టి కాళ్లు బిగించేది. చౌక, త్వరగా అయిపోతుంది, అందుకే ఊళ్లలో ఎక్కువ ఇదే. బరువంతా టాప్ మీదే. నాలుగు బెజ్జాల చుట్టూ అరచేయంత చోటు మొత్తం భారం మోస్తుంది. కింద పెద్ద ఇనుప ప్లేటు వేసినా భారం కాస్త విశాలంగా పరుచుకుంటుందే తప్ప, మోసేది మాత్రం టాపే. ఇది వద్దు.

రెండోది, టాప్ పక్క అంచునో, వాననీళ్ల గట్టర్‌నో పట్టుకుని క్లాంపులతో బిగించేది. బెజ్జాలు ఉండవు. బరువు మధ్యలో కాకుండా గోడల మీద పడుతుంది కాబట్టి మొదటిదాని కంటే నయం. కానీ ఆ అంచు కూడా టాప్‌లో భాగమే. తేలిక సామానుకి సరే, అంతకు మించి కాదు.

మూడోది, టాప్‌కి లోపల పక్క నుంచి రోల్ కేజ్‌కి ఆనేలా దూలాలు అమర్చి, పైన క్యారియర్ కాలు, లోపల దూలం ఒకే బోల్టుతో కలిపేది. ఇక్కడ టాప్ మధ్యలో ఇరుక్కున్న పొర మాత్రమే. బరువు బోల్టు మీదుగా దూలానికి, దూలం నుంచి కేజ్‌కి, అక్కడి నుంచి బాడీకి పోతుంది. అమెరికాలో జీప్ రాంగ్లర్ టాప్‌లకి ఈ పద్ధతి వాడతారు. బెజ్జాలు తప్పవు కాబట్టి నీళ్లు కారకుండా రబ్బరు వాషర్లు, సీలెంట్ సరిగ్గా పడాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. రోల్ కేజ్‌కి వెల్డింగ్ పెట్టనివ్వకండి, డ్రిల్లు పెట్టనివ్వకండి. బండి బోల్తా పడితే మన తలకాయ కాపాడే గొట్టం అది. దానికి క్లాంపులే వేయాలి.

నాలుగోది, టాప్‌ని అసలు ముట్టుకోకుండా బయట నుంచి కాళ్లు దించి బాడీకో, ఛాసిస్‌కో, వెనక మూలలకో బిగించేది. టాప్ మీద ఒక పందిరి వేసినట్టు ఉంటుంది. బరువు నేరుగా కిందకి పోతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. ఖర్చూ ఎక్కువ, దాని సొంత బరువూ ఎక్కువ. ముందు కాళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకోవాలి. పాత జీపుల్లో ముందు అద్దం ఫ్రేము ముందుకు మడిచేలా కీలు మీద ఉంటుంది. ఆ ఫ్రేముకి భారం వేలాడదీస్తే కీలే మోయాలి, అది దానికోసం పెట్టింది కాదు.

మీ బండికి ఇప్పటికే క్యారియర్ ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. బండి ఆపి ఉన్నప్పుడు ఒకరు క్యారియర్ పట్టుకుని పక్కకి గట్టిగా ఊపాలి, ఇంకొకరు లోపల కూర్చుని టాప్ మీద అరచెయ్యి ఆనించి ఉండాలి. చేతికి టాప్ ఊగడం తెలిసిందంటే భారం దాని మీదే ఉంది. నాలుగో రకం అయితే సామాను ఎక్కించాక క్యారియర్‌కి, టాప్‌కి మధ్య మడత పెట్టిన న్యూస్‌పేపర్ దూర్చి లాగండి. సులువుగా జారి వస్తే మంచిది. ఎక్కడైనా ఇరుక్కుంటే అక్కడ ఆనుతోందన్నమాట.

ఆగి ఉన్న బరువు వేరు, పరిగెత్తే బరువు వేరు

"టెంట్ వేసుకుని ఇద్దరు పడుకుంటున్నారు కదా, 150 కిలోలు ఆగట్లేదా?" అని అడుగుతారు. ఆగుతుంది, బండి కదలనంత వరకు. ఆగి ఉన్నప్పుడు బరువు కిందకి మాత్రమే నొక్కుతుంది. కదిలాక ముందుకు తోస్తుంది, పక్కకి లాగుతుంది, పైకి లేచి మళ్లీ పడుతుంది. గట్టిగా బ్రేకు కొడితే పైన ఉన్న 60 కిలోలు దాదాపు 40 కిలోల బలంతో ముందుకు తోస్తాయి. గోతిలో పడి లేచేటప్పుడు అదే 60 కిలోలు క్షణం పాటు రెట్టింపుగా, ఒక్కోసారి అంతకన్నా గట్టిగా తగులుతాయి. మన పుంతదారిలో అలాంటి గోతులు కిలోమీటరుకి ఎన్నో మీకు తెలియంది కాదు.

ఇక బోల్తా సంగతి. లెక్క సులువుగా ఉండటానికి బండి బరువు 1750 కిలోలు, దాని బరువు కేంద్రం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. పైన 2 మీటర్ల ఎత్తులో క్యారియర్, సామాను కలిపి 100 కిలోలు పెడితే ఆ కేంద్రం సుమారు 7 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 200 కిలోలు పెడితే 13 సెంటీమీటర్లు. హైవే మీద నెమ్మదిగా పోతే తేడా తెలియకపోవచ్చు. కానీ ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం కాలవ పక్కన పెట్టి దిగేటప్పుడు, అరకు, మారేడుమిల్లి లాంటి ఘాట్ మలుపుల్లో ఆ సెంటీమీటర్లే తేడా చూపిస్తాయి. మూడు తలుపుల థార్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు మాత్రమే. పొట్టి బండి, ఎత్తు బండి. పైన బరువు పెడితే ఎలాగుంటుందో ఎడ్లబండిలో గడ్డి మోపులు మరీ ఎత్తుగా వేసి తోలినవాళ్లకి తెలుసు.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. ఇనుప క్యారియర్ ఒక్కటే 30 కిలోలు దాటడం మామూలే. అంటే పైన 50 కిలోల వరకు ఫర్వాలేదనుకున్న చోట 30 కిలోలు ఖాళీ క్యారియరే తినేస్తుంది. మిగిలింది ఒక నిండు క్రేటు. ఆ ఒక్క క్రేటు కోసం ఇంత ఖర్చా అని ఆలోచించండి.

మన సామానులో ఏది పైకి ఎక్కాలి, ఏది ఎక్కకూడదు

ఇక్కడే మన వ్యవసాయం లెక్క వేరు. టెంట్ కట్టుకుని తిరిగేవాళ్లకి చెప్పిన సలహా మనకి సరిపోదు.

జీవామృతం క్యాన్లు పైకి ఎక్కించకండి. దీనికి మూడు కారణాలు ఉన్నాయి. ఒకటి, అది నీళ్ల బరువు. 50 లీటర్ల క్యాను అంటే 50 కిలోల పైనే. రెండు, క్యాను పూర్తిగా నిండకపోతే లోపల ద్రవం మలుపులో ఒక పక్కకి కొట్టుకుని బండిని ఇంకా లాగుతుంది. మూడు, జీవామృతం పులుస్తూ ఉంటుంది, గ్యాస్ పుడుతుంది. మూత బిగించి ఎండలో టాప్ మీద పెడితే క్యాను ఉబ్బుతుంది. మూత వదులుగా పెడితే దారంతా ఒలుకుతుంది.

అసలు జీవామృతం మోసుకుపోవాల్సిన అవసరమే తక్కువ. ఎకరానికి 200 లీటర్లు కావాలి. అందులో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి తప్ప మిగతాదంతా నీళ్లే. నీళ్లు పొలంలో ఉన్నాయి. అవి అక్కడే కలుపుకుంటే మనం మోసేది 20 కిలోలు, పాతిక కిలోలు. అది వెనక సీటు కింద పడుతుంది. దూరం పొలాలకైతే ఘన జీవామృతం ఎండబెట్టి బస్తాలో లోపల వేసుకోవచ్చు. 200 కిలోల సమస్యని క్యారియర్‌తో కాకుండా పద్ధతితో తీర్చినట్టు అయింది.

విత్తనాలు కూడా పైకి వద్దు. నల్ల టాప్ మీద మే నెల ఎండలో విత్తన బస్తా ఎక్కువసేపు ఉంటే మొలక శాతం దెబ్బ తినొచ్చు. నవధాన్యాలు చల్లే ముందు మనం ఎంత జాగ్రత్తగా దాచుకుంటామో, మోసేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. ఆకుకూరలు కూడా అంతే. తెల్లవారుజామున కోసిన తోటకూర, గోంగూర గాలికి, ఎండకి టాప్ మీద గంట ప్రయాణం చేస్తే రైతుబజార్‌కి చేరేసరికి వాడిపోద్ది. మందు కొట్టకుండా పండించాం అని చెప్పి వాడిపోయిన కట్ట చేతిలో పెడితే కొనేవాళ్లు రెండోసారి రారు.

మరి పైకి ఏం ఎక్కాలి? పొడుగ్గా, తేలికగా, ఎండకి పాడవ్వనివి. పందిరి కర్రలు నాలుగైదు, చుట్టిన షేడ్‌నెట్, టార్పాలిన్, ఖాళీ క్రేట్లు, ఖాళీ క్యాన్లు, కొద్దిగా డ్రిప్ లాటరల్ చుట్ట. సంతకి పోయేటప్పుడు నిండు క్రేట్లు లోపల కింద, తిరిగొచ్చేటప్పుడు బెల్లం, పిండి, చెక్క లోపల, ఖాళీ క్రేట్లు పైన. ఖాళీ క్రేటు రెండు కిలోల లోపే కాబట్టి ఆరేడు పెట్టినా బరువు లేదు. కానీ గాలి పట్టుకుంటుంది, తాడు వదులైతే ఎగిరి వెనక వచ్చే బైకు మీద పడుతుంది. మామూలు నైలాన్ తాడు దారిలో సాగుతుంది. బిగింపు బెల్టులు వాడండి. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తప్పనిసరి. పది కిలోమీటర్లు పోయాక ఆగి ఒకసారి చెయ్యి వేసి చూడండి.

మనుషులు మాత్రం ఎప్పుడూ పైకి ఎక్కకూడదు. కోతకి వచ్చిన కూలీలు "అన్నా, ఊళ్లోకే కదా, పైన కూర్చుంటాం" అంటారు. మొహమాట పడకండి. అవసరమైతే రెండు ట్రిప్పులు వేయండి.

ఎత్తు కూడా గుర్తుంచుకోవాలి. బండి ఎత్తే సుమారు 1.85 మీటర్లు, అంటే ఆరడుగులు. క్యారియర్, సామాను కలిపితే ఏడడుగులు దాటుతుంది. బీర, దొండ పందిళ్లు ఆరేడు అడుగులే. కొట్టం చూరు తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు తీగలు. పొలాల్లో స్తంభాలు ఒరిగి తీగలు కిందకి వేలాడుతున్న చోట్లు మీ ఊళ్లోనే ఉంటాయి. ఇనుప క్యారియర్ మీద ఇనుప పైపు నిలబెట్టి దాని కింద నుంచి పోవడం అంటే ప్రాణంతో ఆట.

టాప్ విప్పేది ఎప్పుడు, నీళ్లు కారేది ఎప్పుడు

"ఊడదీసే టాప్" కొనుక్కున్నదే విప్పుకోవచ్చని. క్యారియర్ పడ్డాక ఆ సౌకర్యం చాలావరకు పోతుంది. మొదటి, మూడో రకంలో ముందు బోల్టులన్నీ విప్పాలి. నాలుగో రకంలో మొత్తం చట్రం దించాలి. విప్పిన ప్రతిసారి బెజ్జాల్లో సీలెంట్ మళ్లీ పెట్టాలి. మూడోసారికి విసుగొచ్చి మానేస్తాం. అప్పుడు ఊడదీసే టాప్ ఊడని టాప్ అవుతుంది, దాని బలహీనత మాత్రం అలాగే ఉంటుంది.

నీళ్ల సంగతి చిన్నదనుకోకండి. టాప్ మీద బరువు పడితే కింద రబ్బరు పట్టీ ఒకచోట నలుగుతుంది, ఇంకోచోట ఎత్తుతుంది. మొదటి వానలో వెనక మూల తడి కనిపిస్తుంది. ఆ మూలలోనే మనం బెల్లం, పిండి, విత్తనాలు పెడతాం. పెట్టించుకున్న రోజే బకెట్లతో నీళ్లు పోసి, లోపల టార్చి వేసి చూసుకుని అప్పుడే డబ్బు ఇవ్వండి.

పని చేయించుకుంటే బోల్టులు స్టెయిన్‌లెస్‌వి, లాక్ నట్లు, వెడల్పు వాషర్లు అడగండి. ప్రతి నట్టు మీద నుంచి బోల్టు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. చూపుతోనే తెలిసిపోతుంది. మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి చూసుకుంటే చాలు.

చట్టం, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్.సి.లో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పెట్టారు. ముందు బంపర్‌కి పెట్టే ఇనుప క్రాష్ గార్డుల మీద 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది.

కాబట్టి షెడ్డులో వెల్డింగ్ చేయించిన చట్రం కంటే, మీ మోడల్‌కి కంపెనీ యాక్సెసరీగా ఏదైనా ఉంటే దాన్ని షోరూంలో బిల్లుతో పెట్టించుకోవడం మేలు. ఎంత బరువు వరకు అన్నది రాతపూర్వకంగా అడగండి. చేయించే ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో ఒక మాట కనుక్కోండి. ఇన్సూరెన్సు ఏజెంటుకి చెప్పి పాలసీలో రాయించండి. రాయించని యాక్సెసరీకి క్లెయిమ్ రాదు, ప్రమాదం జరిగితే వాదన కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

బయటి నుంచి కొనేది తగ్గించడమే కదా మన దారి

ఇది చివరి మాట, నాకు ముఖ్యమైన మాట. మనం ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చింది బయటి నుంచి కొనేవి తగ్గించుకుందామని. యూరియా బస్తా మానేశాం, మందు డబ్బా మానేశాం. పేడ, మూత్రం, బెల్లంతో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాం. మరి బండి విషయంలో మాత్రం ఎవరో వీడియోలో చూపించారని వేలు పోసి క్యారియర్, దాని మీద లైట్లు, పక్కన నిచ్చెన కొనడం ఏ లెక్కలోకి వస్తుంది? అవసరం ఉంటే కొనండి, నేను వద్దనను. కొండ పొలం, పందిరి కర్రలు తరచూ మోయాలి, వేరే దారి లేదు అంటే బరువు చట్రం మీదకి దిగే క్యారియర్ పెట్టించుకోండి. కానీ ఫోటోలో బాగుంటుందని మాత్రం వద్దు.

వారానికి రెండుసార్లు 300 కిలోల కూరగాయలు పోవాలంటే ఏ క్యారియర్‌తోనూ తీరదు. చుట్టుపక్కల ఐదుగురు రైతులు కలిసి ఒక సరుకు ఆటో మాట్లాడుకోండి. మీ దగ్గర ఎఫ్‌పీఓ ఉంటే వాళ్ల పికప్‌కి రోజు, టైము కుదుర్చుకోండి. సరుకు అందరిదీ ఒకేసారి పోతుంది, కిరాయి పంచుకుంటారు, ఒకరు పోతే నలుగురు పొలంలో ఉంటారు. థార్ చేసే పని దాన్ని చేయనివ్వండి. మనిషిని, నాలుగు పనిముట్లని, కాసిని తేలిక సామాన్లని బురద దాటించి పొలానికి చేర్చడమే దాని పని. అది బ్రహ్మాండంగా చేస్తుంది.

ఇప్పటికే క్యారియర్ ఉన్నవాళ్లు ఈ ఆదివారం పైన చెప్పిన ఊపుడు పరీక్ష చేసి చూడండి. మీది నాలుగు రకాల్లో ఏదో, ఎంత కాలంగా వాడుతున్నారో, బోల్టుల చుట్టూ ఏం కనిపించిందో మాకు రాయండి. అవన్నీ కలిపి ఇంకో వీడియో చేద్దాం. కొత్తగా పెట్టించుకోబోయేవాళ్లకి మీ అనుభవమే అన్నిటికన్నా పెద్ద సలహా.

ఉంటానండీ. పైరు పచ్చగా ఉండాలి, ప్రయాణం క్షేమంగా ఉండాలి.